మచ్చ వేరు, గుంట వేరు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి బజార్లో మందుల షాపు నాది. పెళ్లిళ్ల రోజులు దగ్గరపడితే కౌంటరు దగ్గర వినపడే ప్రశ్న ఒక్కటే: "మచ్చలు పోయే క్రీమేదైనా ఉందేటి బాబాయ్?" తెలుగులో అడుగుతారు, ఒడియాలో అడుగుతారు, మా ఊరి అలవాటు ప్రకారం సగం అది సగం ఇది కలిపి కూడా అడుగుతారు. పాతపట్నం నుంచి వచ్చిన కుర్రాడు, కాశీనగరం నుంచి వచ్చిన అమ్మాయి ఒకే రోజు చెంప చూపించి ఒకే మాట అన్నారు. ఇద్దరి చెంపల మీదా ఉన్నది మాత్రం ఒకటి కాదు. అమ్మాయికి నల్లటి చుక్కలు, కుర్రాడికి గుంటలు. నల్ల చుక్కలకు పనికొచ్చేది గుంటల్ని పూడ్చదు. గుంటలకు చేసే వైద్యం నల్ల చుక్కల మీద చేస్తే ఉన్న నలుపు ఇంకా పెరగొచ్చు. మన భాషలో రెండింటికీ "మచ్చ" అన్న ఒకే మాట ఉండటంతోనే సగం చిక్కు వచ్చిపడింది.

నేను డాక్టర్ని కాను. అందుకే ముందుగా ఎవరికి వాళ్లు ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. రాత్రిపూట గదిలో లైటు ఆపి, అద్దం ముందు నిలబడి, ఫోను టార్చి చెంపకు పక్కనుంచి వెయ్యండి. ఎదురుగా వేస్తే ఏ ముఖమైనా చదునుగానే కనిపిస్తుంది, ఫొటో స్టూడియో వాళ్లు చేసేది అదే. పక్కనుంచి వెలుగు పడినప్పుడు గుంట ఉన్నచోట నీడ పడుతుంది. నీడ లేకుండా నలుపో ఎరుపో మాత్రమే కనిపిస్తే అది రంగు మచ్చ. నీడ పడితే గుంట. ఇప్పుడు రెండు వేళ్లతో ఆ చోట చర్మాన్ని అటూ ఇటూ లాగి పట్టుకోండి. నీడ మాయమైందా, అలాగే ఉందా?

ఈ లాగి చూడటం నా సొంత తెలివి కాదు. గుడ్‌మన్, బారన్ అనే ఇద్దరు 2006లో మొటిమల మచ్చలకు నాలుగు మెట్ల కొలత ఒకటి పెట్టారు. మొదటి మెట్టు రంగు మాత్రమే. రెండోది, 50 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే పెద్దగా తెలియనిది, పౌడరుకో గెడ్డం నీడకో కప్పబడిపోయేది. మూడోది ఆ దూరం నుంచి కూడా కనపడుతుంది కానీ చర్మం లాగితే చదునవుతుంది. నాలుగోది లాగినా చదునవదు. 50 సెంటీమీటర్లంటే బస్సులో పక్క సీటు మనిషి ముఖం. ఎంత చక్కటి కొలతో చూడండి: మన బాధ అద్దంలో ముక్కు ఆనించి చూసుకుంటే పుట్టిందా, పక్క సీటువాళ్లకీ కనపడుతోందా అన్నది అక్కడే తేలిపోతుంది.

ముందు రంగు మచ్చ సంగతి తేల్చేద్దాం. మొటిమ వాచి తగ్గాక ఆ చోట చర్మం రంగుపదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. చర్మం రంగుని, ఎండకు అది స్పందించే తీరుని బట్టి ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు మొదలుపెట్టిన లెక్కలో ఆరు రకాలున్నాయి. మన వైపు మనుషులు ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ చర్మం చిన్న గాయానికే నల్లబడుతుంది, నెలల తరబడి అలాగే ఉంటుంది, తరవాత దానంతటదే పలచబడుతుంది. ఎండ తగలకుండా కాపాడుకుంటూ, డాక్టరు రాసిన అజిలాయిక్ ఆసిడ్, అడాపలీన్, నయాసినమైడ్ లాంటివి ఓపికగా రాసుకుంటే త్వరగా తగ్గుతుంది. ఈ మాత్రానికి పెద్ద లేజరు అక్కర్లేదు.

ఇక్కడే మా వృత్తివాళ్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. ముఖం తెల్లబడటానికని ఊళ్లలో చెలామణీ అయ్యే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది: బీటామెథసోన్, క్లోబిటసాల్, మోమెటసోన్. రాసిన వారం పది రోజులు ముఖం మెరుస్తుంది. తరవాత చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, కొత్త మొటిమలు గుంపులుగా వస్తాయి. మానేస్తే మంట, రాస్తే పాడు. చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని విడిగా పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అంతకు ముందు అడిగినవాళ్లకు నేనూ ఇచ్చాను. ఇప్పుడు లేదంటే పక్క షాపుకి వెళ్తారు, అది వేరే కథ.

ఇక గుంటలు. మొటిమ అంటే వెంట్రుక కుదురులో జిడ్డు అడ్డుపడి వాచడం. ఆ వాపు లోపలికి పగిలితే చుట్టూ ఉన్న కొలాజెన్ అనే పీచు కరిగిపోతుంది. శరీరం మళ్లీ పూడ్చుకుంటుంది కానీ పోయినంత పీచు తిరిగి పెట్టదు. వాన కోసిన గట్టుకి చారెడు మట్టి తక్కువ వేసినట్టు అక్కడ పల్లం మిగిలిపోతుంది. చర్మం పైపొర మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. గుంట దానికింద, అసలు చర్మంలో ఉంటుంది. పైన రాసిన క్రీము అంత లోతుకి దిగి గుంటని పూడ్చలేదు. పూర్తిగా దండగ అని కూడా అనను. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన మందుని ముఖంలో ఒక సగానికి మాత్రమే 24 వారాలు రాసి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. రాసిన వైపు గుంటలు కొంత తగ్గాయి, మందు లేని వైపు పెరిగాయి. క్రీము పాతదాన్ని చెరిపేస్తుందని ఆశ పెట్టుకోకండి గానీ, కొత్త గుంట పడకుండా ఆపడం చిన్న పనేమీ కాదు. మొటిమలు ఇంకా వస్తూ ఉన్నవాళ్లు గుంటల వైద్యానికి పరిగెత్తడం పైకప్పు కారుతుండగా గోడకు సున్నం వెయ్యడమే.

మొటిమలు మొండిగా ఉంటే డాక్టర్లు ఐసోట్రెటినాయిన్ బిళ్లలు ఇస్తారు. మంచి మందే. కానీ పెళ్లి కుదిరిన అమ్మాయిల ఇళ్లల్లో ఈ సంగతి గట్టిగా చెప్పాలి: ఈ బిళ్లలు వాడుతుండగా కడుపు వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు రావచ్చు. మానేశాక కనీసం నెల రోజులు కూడా గర్భం రాకుండా చూసుకోవాలి. ముహూర్తం పెట్టేటప్పుడు ఈ లెక్క ఎవరూ వెయ్యరు. ఇంకో పాత మాట, ఈ బిళ్లలు మానిన ఆరు నెలల దాకా ముఖం మీద ఏ చికిత్సా చెయ్యకూడదని. 2017లో నిపుణులు దాన్ని తిరగతోడారు. ఆసిడ్ పూసి చర్మం పైపొర ఊడదీసే పైపై పీల్స్‌కీ, సూదుల చికిత్సకీ, కొన్ని లేజర్లకీ అంతకాలం ఆగాలనడానికి తగిన ఆధారం లేదన్నారు. చర్మాన్ని పూర్తిగా చెక్కేసే చికిత్సలకు మాత్రం ఆ జాగ్రత్త ఇంకా ఉంది.

గుంటల్లో ముఖ్యంగా మూడు రకాలు. అసలు విషయమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా.

మొదటిది సూదితో పొడిచినట్టుండేది. డాక్టర్లు ఐస్‌పిక్ అంటారు. నోరు సన్నం, 2 మిల్లీమీటర్ల లోపే, లోతు మాత్రం ఎక్కువ. చర్మం ఎంత లాగినా పోదు. పాతపట్నం కుర్రాడికి ఉన్నవి చాలావరకు ఇవే. వాడు అప్పటికే ఒక క్లినిక్‌లో మూడుసార్లు లేజరు చేయించుకుని, ఏమీ మారలేదని కోపంగా ఉన్నాడు. మారదు. లేజరు దిగే లోతు కంటే ఆ గుంట అడుగు ఇంకా కింద ఉంటుంది. దీనికి పనికొచ్చేవి రెండు. ఒకటి, గుంటని చుట్టూ చిన్న గుండ్రటి కత్తితో తీసేసి కుట్టు వెయ్యడం, అంటే పంచ్ పద్ధతి. రెండోది టీసీఏ క్రాస్. 2002లో కొరియా వైద్యులు ప్రచురించిన ఈ పద్ధతిలో 65 నుంచి 100 శాతం గాఢతున్న ట్రైక్లోరోఅసిటిక్ ఆసిడ్‌ని మొన తేల్చిన పుల్లతో ఒక్కో గుంట అడుగున ఒక్కో చుక్క అద్దుతారు. క్షణాల్లో ఆ చోట తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. తరవాత పక్కు కడుతుంది, వారం అటూ ఇటూగా రాలుతుంది, అడుగునుంచి కొత్త పీచు పుట్టి గుంట మెల్లగా పైకి లేస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో మూడు నాలుగుసార్లయినా చెయ్యాలి.

చుక్క పక్కకి జారితే గుంట వెడల్పవుతుంది, లేదా తెల్ల మచ్చ పడుతుంది. మా వైపు వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. జీడి పిక్కల బట్టీల్లో పనిచేసేవాళ్ల చేతులు చూసినవాళ్లమే. పిక్క పెంకులోని రసం చర్మాన్ని ఎలా కాలుస్తుందో తెలిసినా, పులిపిర్లకీ పుట్టుమచ్చలకీ ఆ రసమే పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. టీసీఏ అలాంటి కాల్పే, కాకపోతే లెక్క తెలిసిన చేతిలో ఉన్న కాల్పు. ఇంటర్నెట్‌లో సీసా దొరుకుతోంది కదా అని ఇంట్లో ముఖానికి పూసుకుంటే అది వైద్యం కాదు, ఒళ్లు కాల్చుకోవడం.

రెండో రకం రోలింగ్. వెడల్పైన, అంచులు లేని పల్లాలు. చెంప అలలు అలలుగా కనిపిస్తుంది, టార్చి వెలుగులో బాగా తెలుస్తుంది. దీని జబ్బు పైన లేదు, కింద ఉంది. చర్మాన్ని లోపలి కొవ్వు పొరకి పీచు తాళ్లు కట్టి కిందికి లాగుతుంటాయి. పరుపు మీద అక్కడక్కడ కుట్లు వేస్తే ఆ చోట పల్లం పడ్డట్టు. తాడు తెగకుండా పైన ఎంత సానపట్టినా పల్లం పల్లంగానే ఉంటుంది. అందుకని మత్తు ఇచ్చి, చర్మం కిందుగా అడ్డంగా సూదినో మొద్దు మొన ఉన్న సన్నటి గొట్టాన్నో పోనిచ్చి ఆ తాళ్లు తెంపుతారు. పేరు సబ్‌సిషన్. ఒరెంట్రైక్ అనే ఇంటిపేరున్న వైద్యులు 1995లో దీన్ని ప్రచురించారు. చెంప ఒకటి రెండు వారాలు కమిలి నీలంగా ఉంటుంది. రక్తం పలచబడే బిళ్లలు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. ఇందులో మెరిసే మెషీనేమీ ఉండదు, అందుకే కాబోలు ప్రకటనల్లో దీని పేరు పెద్దగా కనపడదు. రోలింగ్ గుంటలున్నవాళ్లకి నన్నడిగితే ముందు చేయించాల్సింది ఇదే.

మూడోది బాక్స్‌కార్. అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉండే గుంట. ఆటలమ్మ పోసి తగ్గాక మిగిలే గుంటలు కూడా చాలావరకు ఇలాగే ఉంటాయి. లోతు తక్కువైతే లేజరు, సూదుల చికిత్స బాగా పనిచేస్తాయి. లోతుగా ఉంటే పంచ్ పద్ధతిలో అడుగుని పైకి లేపి అంచుకి సమం చేస్తారు.

లేజర్ల గురించి అందరికీ ఆత్రం, కాబట్టి అది కూడా. ఇప్పుడు వాడేది ఫ్రాక్షనల్ లేజరు. 2004లో వచ్చిన ఆలోచన ఇది: మొత్తం చర్మం కాల్చకుండా కంటికి కనపడనంత సన్నటి చుక్కలు చుక్కలుగా మాత్రమే లోపలికి వేడి పంపి, మధ్యలో చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేయడం. పొలమంతా దున్నకుండా మొక్క పెట్టే చోట మాత్రం గుంత తీసినట్టు. వదిలిన చోటునుంచి గాయం త్వరగా మానుతుంది. కార్బన్ డయాక్సైడ్ లేజరు 10,600 నానోమీటర్ల కాంతి, అది చర్మంలో నీటిని వేడెక్కిస్తుంది. ముఖం వారం దాకా ఎర్రగా, గరుకుగా ఉంటుంది. మన రంగు చర్మానికి వచ్చే తంటా ఏమిటంటే, అదే వేడి రంగుపదార్థాన్ని కూడా రెచ్చగొట్టి ముఖం నల్లబడేలా చెయ్యొచ్చు. ఎక్కువగా కొన్ని నెలల్లో తగ్గేదే, కానీ మేనమామ కూతురి పెళ్లి ఈలోపే ఉంటే ఏం చేస్తారు? అందుకే జాగ్రత్తగల డాక్టర్లు మనవాళ్లకి చుక్కలు దూరం దూరంగా వేసి, ఎక్కువసార్లు చేస్తారు. పెదవుల చుట్టూ తరచూ జ్వరపు పొక్కులు వచ్చేవాళ్లు ముందే చెబితే, లేజరు తరవాత అవి విజృంభించకుండా బిళ్లలు రాస్తారు.

సూదుల చికిత్స, అదే మైక్రోనీడ్లింగ్, ఈ నల్లబడే గొడవ తక్కువగా ఉన్న దారి. సన్నటి సూదులు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లోతుకి గుచ్చితే చర్మం గాయమనుకుని కొత్త పీచు అల్లుకుంటుంది. నెలకొకసారి చొప్పున మూడు నుంచి ఆరుసార్లు. దీనికే రేడియో తరంగాల వేడి జోడించిన రకం ఉంది. దాంట్లో సూది పైభాగానికి వేడి తగలని పూత ఉంటే పైపొరలోని రంగు జోలికి పోకుండా లోపలే వేడి పుడుతుంది. ఖరీదు ఎక్కువ. ఇంట్లో దొర్లించుకునే రోలరు మాత్రం వద్దు. చిన్న సూదులైతే గుంట దాకా దిగవు, పెద్దవైతే మొటిమల్లో చీముని ముఖమంతా పాకిస్తాయి. హాస్టల్లో ఒకే రోలరు నలుగురు వాడుకుంటున్నామని ఒక ఇంజినీరింగ్ కుర్రాడు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, ఎవరి రక్తాన్ని వాళ్లకే వాడి చేసే సూదుల ఫేషియల్ వల్ల హెచ్ఐవీ సోకిన సంగతి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2024లో బయటపెట్టింది. సూది ప్యాకెట్ మీ ఎదురుగా విప్పమని అడగడానికి మొహమాటపడకండి.

ఫిల్లర్లు పల్లం కింద జెల్ నింపి ఎత్తేవి. హయలురోనిక్ ఆసిడ్ రకం నెలల్లో కరిగిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. గ్లైకాలిక్, సాలిసిలిక్ పీల్స్ రంగుకీ నునుపుకీ మంచివి, లోతు గుంటలకు కావు.

గుంటకి పూర్తి వ్యతిరేకం, దవడ మీదా ఛాతీ మీదా భుజాల మీదా గట్టిగా ఉబ్బే మచ్చలు. వీటిలో పీచు తక్కువ కాదు, ఎక్కువ. సూదులూ లేజరూ అని మళ్లీ గాయపరిస్తే ఇంకా పెరగొచ్చు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందుని నెలకోసారి ఆ ఉబ్బులోకే ఇంజెక్షన్ చేస్తారు, సిలికోన్ జెల్ రాయమంటారు. ముఖానికి రాసుకోవద్దని పైన తిట్టిన స్టెరాయిడ్ ఇక్కడ సరైన మందు కావడం వింతగా ఉంటుంది గానీ, చోటుని బట్టే మందు.

చాలామందికి ఒకే చెంప మీద ఈ మూడు రకాల గుంటలూ కలిసి ఉంటాయి. అందుకే తెలిసినవాళ్లు ఒక వరస పెట్టుకుంటారు: మొటిమలు ఆగాక తాళ్లు తెంపడం, తరవాత సూది గుంటలకు ఆసిడో పంచో, ఆ పైన మొత్తానికి లేజరో సూదులో. ఒక్కోదానికి మధ్య వారాలు. కొత్త పీచు పూర్తిగా అల్లుకోవడానికి చివరి సిట్టింగ్ తరవాత కూడా మూణ్ణెల్లు, ఆర్నెల్లు పడుతుంది. అంతా అయ్యాక గుంటలు సగానికి సగం తగ్గితే మంచి ఫలితం అనుకోవాలి. నూటికి నూరు పోతాయని హామీ ఇచ్చేచోట కుర్చీలోంచి లేచి వచ్చేయొచ్చు.

మా సరిహద్దు ఊళ్లవాళ్లకి ఇంకో లెక్క కూడా ఉంది, అది దారి లెక్క. రాజావారి చిన్న రైలు పోయి బ్రాడ్‌గేజీ వచ్చింది, గుణుపురం నుంచి వచ్చే రైలెక్కితే విశాఖ వెళ్లొచ్చు, బస్సుల మీద బరంపురం వెళ్లొచ్చు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి, లేదా ఒక రోజు సెలవు. ఆరు సిట్టింగ్‌లంటే ఆరు రోజులు, చార్జీలు, తోడు మనిషి. పైగా సౌందర్య చికిత్స అని ఆరోగ్య బీమాలు దీనికి డబ్బివ్వవు. అందుకని మొదటి ప్రయాణం క్లినిక్‌కి కాకుండా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశాఖ కేజీహెచ్, కొరాపుట్ మెడికల్ కాలేజీ లాంటి చోట చర్మవిభాగం ఓపీకి పెట్టుకోమంటాను. ఏ రకం గుంటలో చెప్పించుకోవడానికి మెషీన్లు అక్కర్లేదు, చూసే కళ్లు చాలు. ఆ మాట చేతిలో పెట్టుకుని ఎక్కడికెళ్లినా మోసపోయే అవకాశం తగ్గుతుంది. క్లినిక్‌లో అడగాల్సినవి కూడా అక్కడినుంచే పుడతాయి: నావి ఏ రకం, మీరు చేసేది ఆ రకానికేనా, నా రంగు చర్మానికి ఎన్ని చేశారు, చేసేది చర్మవైద్యంలో ఎండీ చదివిన డాక్టరేనా లేక శిక్షణ పొందిన అమ్మాయా.

ఏ చికిత్సకైనా తరవాత ఎండ ముఖ్యం. జీడితోటల్లోనో వరి మళ్లలోనో రోజంతా ఉండేవాళ్లు పంట పనులయ్యాకే లేజరు పెట్టుకోవడం మంచిది. ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా సన్‌స్క్రీన్ రెండు వేళ్ల నిండా తీసుకుని ముఖానికీ మెడకీ రాయాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ, చెమట పడితే ఇంకా ముందే. మామూలు వెలుగు కూడా మన చర్మాన్ని నల్లబరుస్తుంది, దాన్ని ఆపడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్‌లు వస్తున్నాయి. అది కొనలేనివాళ్లకి మా ఊరి ఆడవాళ్లు పొలంలో ముఖం చుట్టూ కట్టుకునే తుండుగుడ్డ కూడా తక్కువదేం కాదు.

కాశీనగరం అమ్మాయి బరంపురం వెళ్లి చూపించుకుని వచ్చింది. చీటీ మీద రాత్రి రాసుకునే అడాపలీన్, పగటికి సన్‌స్క్రీన్, ఆర్నెల్ల తరవాత మళ్లీ రమ్మన్న తేదీ ఉన్నాయి. "ఇంతేనేటి బాబాయ్, లేజరేదీ రాయలేదు" అంది కొంచెం నిరాశగా. కుర్రాడికి నాలుగు సిట్టింగ్‌ల క్రాస్ రాశారు. రెండోదానికి వెళ్లే ముందు షాపు మెట్ల దగ్గర నిలబడి ఫోను టార్చి వేసి చెంప ఫొటో తీయమన్నాడు, మొదటిసారి తీసిన వైపు నుంచే.